యాప్ తయారైంది, చూసుకునేదెవరు?

మిర్చి సీజన్ మొదలైతే గుంటూరు చుట్టుపక్కల చాలా కోల్డ్ స్టోరేజీల్లో ఒకే సరుకు లెక్క నాలుగు చోట్ల నడుస్తుంది. దిగిన టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య ఒక పుస్తకంలో ఉంటుంది. ఏ ఛాంబర్‌లో ఏ రైతు సరుకుందో ఇంకో రిజిస్టర్‌లో రాస్తారు. బ్యాంకు అప్పు ఉన్న లాట్ల జాబితా ఎక్సెల్‌లో ఉంటుంది. రోజువారీ మార్పులు వాట్సాప్ గ్రూపులో ఫొటోలుగా తిరుగుతుంటాయి. భీమవరం రొయ్యల వ్యాపారమైనా, మిర్యాలగూడ రైస్ మిల్లయినా, విజయవాడ మందుల డిస్ట్రిబ్యూటరైనా పరిస్థితి ఇంతకంటే గొప్పగా లేదు. ఖాతాల వరకు ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఖాతాలోకి ఎక్కేలోపు జరిగే పని వేరు: సరుకు దించుకోవాలి, నాణ్యత చూడాలి, పైవాళ్లు సరేననాలి, బండి బయటికి పంపాలి. దీనికి తగిన సాఫ్ట్‌వేర్ దొరకడం కష్టం, దొరికినా చిన్న వ్యాపారికి అందే ధరలో ఉండదు. లో-కోడ్ ప్లాట్‌ఫామ్‌లు ఇప్పుడు ఈ ఖాళీలోకే వస్తున్నాయి.

పేరు కొత్తగా ఉన్నా పద్ధతి సులువే. తెరమీద పెట్టెలు, బటన్లు మౌస్‌తో లాగి పెట్టుకుంటారు. వివరాలు దాచే పట్టికలు గీసుకుంటారు. ఇది జరిగితే అది చేయి అనే నియమాలు రాసుకుంటారు. కోడ్ దాదాపు అక్కర్లేదు. చెన్నైలో మొదలైన జోహో 2006లోనే క్రియేటర్ పేరుతో ఇలాంటిది తెచ్చింది. 2014లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ ఈ తరహా సాధనాలన్నిటికీ కలిపి లో-కోడ్ అని పేరు పెట్టింది. 2016లో మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ వచ్చింది. 2018లో నెదర్లాండ్స్‌కు చెందిన మెండిక్స్‌ను సీమెన్స్ కొనుక్కుంది. 2020లో యాప్‌షీట్‌ను గూగుల్ కొనేసింది. కొత్తగా తయారయ్యే వ్యాపార అప్లికేషన్లలో 70 శాతం 2025 నాటికి ఈ దారిలోనే వస్తాయని గార్ట్‌నర్ అనే మరో పరిశోధన సంస్థ ముందే అంచనా వేసింది. మార్కెట్ అంచనాలను మేము మరీ పట్టించుకోం. అయినా గాలి ఎటు వీస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ మార్పును మేము స్వాగతిస్తున్నాం. కారణం ఖర్చు ఒక్కటే కాదు. నూరు టిక్కీలు పెట్టిన రైతు నలభై తీసుకెళ్తానంటే ఏం చేయాలో కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్‌కు తెలుసు. ఆ లాటు మీద అప్పుంటే ముందు బ్యాంకు అనుమతి రావాలి, మిగిలిన అరవైకి బాండు (నిల్వ రసీదు) మళ్లీ రాయాలి, అద్దె ఎలా పంచాలో చూసుకోవాలి. ఇదంతా నగరం నుంచి వచ్చిన ప్రోగ్రామర్‌కు అర్థం చేయించడానికి వారం పడుతుంది. అతను అర్థం చేసుకున్నది వేరు, మనం చెప్పింది వేరు అని తేలడానికి ఇంకో నెల. పని తెలిసినవాడే తెర గీసుకుంటే ఈ మధ్య దూరం పోతుంది. తప్పు కనిపిస్తే సాయంత్రానికే దిద్దుకోవచ్చు. ఇంత మేలు ఇంత తక్కువలో చిన్న వ్యాపారానికి ఇదివరకు అందలేదు.

అయితే ఈ సాధనాలను అమ్మేవాళ్లు దాంతోపాటు ఇంకో మాట కూడా అమ్ముతున్నారు: ఇక ప్రోగ్రామర్‌తో పనే లేదని. ఈ మాట కంప్యూటర్లంత పాతది. 1959లో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు రూపం ఇచ్చినప్పుడు కూడా, ప్రోగ్రామ్ ఇంగ్లీషు వాక్యాల్లా ఉంటే మేనేజర్లే చదువుకుంటారని ఆశించారు. 1990ల్లో మన జిల్లా కేంద్రాల్లో, డేటాబేసు ప్రోగ్రాములు రాసే ఫాక్స్‌ప్రో నేర్పని ఇన్‌స్టిట్యూట్ అరుదు. చిట్‌ఫండ్లకు, మిల్లులకు, కాలేజీలకు స్థానిక కుర్రాళ్లు అందులోనే ప్రోగ్రాములు రాసి పెట్టారు. అవి బాగానే పనిచేశాయి. తర్వాత రాసినవాడు హైదరాబాదో అమెరికానో వెళ్లిపోయాడు. 2007లో మైక్రోసాఫ్ట్ ఫాక్స్‌ప్రోకు ఇక కొత్త వెర్షన్ ఉండదని ప్రకటించింది. 2015 జనవరితో మద్దతు పూర్తిగా ఆగిపోయింది. లోపల ఏముందో తెలియని ప్రోగ్రాములను పాత కంప్యూటర్లలో భయంభయంగా నడుపుకొన్న ఆఫీసులు ఎన్నో.

ఈసారి భయపడాల్సిన చోట్లు ఇంకా లోపల ఉన్నాయి. ఒకటి చూద్దాం. పవర్ యాప్స్‌లో మనం రాసిన వెతుకులాట నియమాన్ని డేటా ఉన్న సర్వర్ అర్థం చేసుకోలేకపోతే, యాప్ మొదటి 500 వరుసలను మాత్రమే తెచ్చుకుని వాటిలోనే వెతుకుతుంది. సెట్టింగ్ మార్చి ఈ హద్దును 2,000 దాకా పెంచుకోవచ్చు, అంతకు మించి కుదరదు. తయారుచేసేవాడికి తెరమీద ఒక హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది. వాడేవాడికి ఏమీ కనిపించదు. పరీక్షకు రెండు వందల లాట్లు పెట్టి చూస్తే అంతా బ్రహ్మాండం. సీజన్ మధ్యలో లాట్లు మూడు వేలు దాటాక ఒక రైతు పేరు కొడితే ‘లేదు’ అంటుంది. సరుకు ఛాంబర్‌లోనే ఉంటుంది. యాప్‌లో ఉండదు. ఆ రోజు కౌంటర్ దగ్గర జరిగే గొడవకు ఎవరు సమాధానం చెప్పాలి?

అలాగని ఎక్సెల్‌నే పట్టుకుని ఉండమని మేము చెప్పడం లేదు. కొవిడ్ కాలంలో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫైలు పద్ధతి వాడింది. దానిలో 65,536 వరుసలే పడతాయి. అవి నిండిపోవడంతో 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకే రాలేదు. వాళ్లను కలిసినవారిని వెతికే పని ఆ మేరకు ఆలస్యమైంది. హద్దు లేని సాధనం ఉండదు. హద్దు ఎక్కడుందో ముందే కనుక్కునే మనిషి ఉన్నాడా లేడా అన్నదే అసలు విషయం. ప్రోగ్రామర్ అక్కర్లేదన్నప్పుడు మనం వదులుకుంటున్నది ఆ మనిషిని.

రెండోది అంతకంటే పెద్దది. 2021 ఆగస్టులో అప్‌గార్డ్ అనే భద్రతా పరిశోధన సంస్థ బయటపెట్టిన సంగతిని ఈ రంగంలో అందరూ గుర్తుపెట్టుకోవాలి. పవర్ యాప్స్ పోర్టళ్లతో చేసిన వెబ్‌సైట్ల నుంచి 3.8 కోట్ల రికార్డులు లాగిన్ అవసరం లేకుండా ఎవరికైనా అందేలా పడున్నాయి. వాటి వెనక 47 సంస్థలున్నాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఫోర్డ్, ఇండియానా, మేరీలాండ్ రాష్ట్రాల ఆరోగ్య శాఖలు, న్యూయార్క్ నగర పాఠశాలలు, చివరికి మైక్రోసాఫ్ట్ సొంత పోర్టళ్లు కూడా. వ్యాక్సిన్ అపాయింట్‌మెంట్లు, ఉద్యోగార్థుల గుర్తింపు సంఖ్యలు, ఫోన్ నంబర్లు అందులో ఉన్నాయి. ఇందులో హ్యాకింగ్ ఏమీ జరగలేదు. పట్టిక ఎవరు చూడొచ్చో నిర్ణయించే సెట్టింగ్‌ను ఆన్ చేయడం మర్చిపోయారు, అంతే. ఆ సెట్టింగ్ మొదటి నుంచీ ఆఫ్‌లో ఉండేది. విడిగా ఆన్ చేసుకోవాలని మాన్యువల్‌లో రాసి ఉంది. అప్‌గార్డ్ విషయం తెలియజేశాక మైక్రోసాఫ్ట్ దాన్ని మొదటి నుంచే ఆన్‌లో ఉండేలా మార్చింది. ఐటీ విభాగాలున్న సంస్థలే ఇలా మర్చిపోతే, అకౌంటెంటే యాప్ చేసే చోట ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మూడోది, ప్లాట్‌ఫామే మూతపడటం. గూగుల్ 2016లో ప్రకటించిన యాప్ మేకర్‌ను 2021 జనవరిలో మూసేసింది. డేటాబేసులో ఉన్న డేటా మిగిలింది. యాప్‌లో రాసుకున్న నియమాలను మాత్రం మరో చోటికి నేరుగా తీసుకెళ్లడం కుదరదని గూగులే చెప్పింది. అమెజాన్ 2020 జూన్‌లో హనీకోడ్ తెచ్చి, 2024 ఫిబ్రవరి 29న ఆపేసింది. ప్రపంచంలోనే పెద్ద కంపెనీల సంగతి ఇది. మూయకపోయినా ధర వాళ్ల చేతిలోనే ఉంటుంది. పవర్ యాప్స్ పూర్తి లైసెన్సును 2021లో ఒక్కో మనిషికి నెలకు 40 డాలర్ల నుంచి 20కి తగ్గించారు, సంతోషం. ఆ 20 లెక్కన కూడా ముప్పై మంది వాడితే ఏడాదికి 7,200 డాలర్లు, అంటే ఆరు లక్షల రూపాయల పైమాటే. సగానికి తగ్గించగలిగినవాళ్లు రెట్టింపూ చేయగలరు. అప్పటికి వ్యాపారం మొత్తం ఆ యాప్ మీదే నడుస్తుంటుంది.

కాబట్టి యజమానులు మొదటిరోజే కొన్ని పనులు తేల్చుకోవాలి. ఇవేవీ సాంకేతికమైనవి కావు. యాప్ ఖాతా ఉద్యోగి సొంత జీమెయిల్ మీద కాకుండా సంస్థ పేరు మీద ఉండాలి. తయారుచేసిన ఉద్యోగి మానేసి అతని ఖాతా ఆగిపోతే, దాని మీద ఆధారపడి నడిచే ఆటోమేటిక్ పనులు ఆగిపోవచ్చు. సాధారణంగా మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. నెలకోసారి డేటా మొత్తం దించి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. దించడం వేరు, తెరిచి చూడటం వేరు. యాప్‌లో పెట్టిన నియమాలను మామూలు తెలుగులో, అప్పు ఉన్న లాటు బయటికి వెళ్లాలంటే ఎవరు ఒప్పుకోవాలన్నంత వివరంగా, ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టాలి. ప్లాట్‌ఫామ్ మూతపడిన రోజు ఎక్కడికైనా తీసుకెళ్లగలిగేది ఆ పుస్తకమే. పాత తరం గుమాస్తాలు చిట్టా, ఆవర్జా ఎంత జాగ్రత్తగా రాసేవారో మన పెద్దలకు తెలుసు. అదే శ్రద్ధ ఇప్పుడు దీనికి కావాలి. ఇక వాడకానికి ముందు, సీజన్‌లో వచ్చేదానికి రెండింతల ఉత్తుత్తి రికార్డులు ఎక్కించి నడిపి చూడాలి. వీలుంటే ఏడాదికి రెండుసార్లయినా అనుభవమున్న ప్రోగ్రామర్‌కు డబ్బిచ్చి చూపించుకోవాలి. పన్ను లెక్కలకు ఆడిటర్‌ను పెట్టుకోని వ్యాపారి లేడు కదా.

సొంత సర్వర్‌లో పెట్టుకోగలిగే, కోడ్ అందరికీ అందుబాటులో ఉండే ఓపెన్ సోర్స్ దారి కూడా ఉంది. యాప్‌స్మిత్, ముంబయికి చెందిన ఫ్రాపె చేసిన వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్ లాంటివి అలా వచ్చినవే. మూసేస్తారన్న భయం తగ్గుతుంది. దానికి బదులు సర్వర్ చూసుకునే మనిషిని పెట్టుకోవాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది, దీని గురించి మాట్లాడేవారు తక్కువ. పాత జాబితాలు చాలావరకు అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చకుండా ఎక్కిస్తే యాప్‌కు అవి పిచ్చి అక్షరాలే. ఒకే మనిషి ఒక చోట వెంకటేశ్వర్లు, ఇంకో చోట వెంకటేశ్వరరావు, మూడో చోట ఇంగ్లీషులో మూడు రకాల స్పెల్లింగులు. తేదీ విషయంలో చాలా ప్లాట్‌ఫామ్‌లు అమెరికా పద్ధతితో మొదలవుతాయి కాబట్టి 5/4 అంటే ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయిపోతుంది. అద్దె లెక్కలో నెల తేడా వస్తుంది. యాప్ తయారీకి రెండు రోజులు పడితే ఈ జాబితాల శుద్ధికి రెండు నెలలు పట్టొచ్చు. ఆ ఖర్చు ఏ ప్రకటనలోనూ కనిపించదు.

చట్టం సంగతి కూడా యజమానులకు తెలియాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు పాటించడానికి 18 నెలల గడువిచ్చారు. తగిన భద్రత చూపకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. వ్యక్తుల డేటాను ఏ పనికి, ఏ పద్ధతిలో వాడాలో నిర్ణయించే సంస్థదే బాధ్యత. ప్లాట్‌ఫామ్ కంపెనీ పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు. మరోపక్క, డేటాను తీసుకుని వేరేచోటికి వెళ్లే హక్కు 2019 నాటి బిల్లులో ఉండేది, 2023 చట్టంలో తీసేశారు. అదీ వ్యక్తుల కోసమే, వ్యాపారాలకు కాదు. ఐరోపా సమాఖ్య డేటా చట్టం 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. క్లౌడ్ సేవను వదిలి ఇంకో చోటికి మారాలనుకున్న సంస్థకు అది దారి చూపిస్తోంది. 2027 జనవరి నుంచి మారినందుకు రుసుము వసూలు చేయడాన్నే నిషేధిస్తోంది. మన చిన్న వ్యాపారికి ఆపాటి రక్షణ ఎందుకు ఉండకూడదో కేంద్రం చెప్పాలి.

అమీర్‌పేటలో సేల్స్‌ఫోర్స్, సర్వీస్‌నౌ, పెగా లాంటి లో-కోడ్ సాధనాల కోర్సుల బోర్డులు చూసి, కోడింగ్ రాకపోయినా ఉద్యోగం వస్తుందని చేరుతున్న పిల్లలకు ఒక్క మాట. ఆ పనుల్లోనూ డేటాను పట్టికలుగా ఎలా విడగొట్టాలో తెలిసినవాళ్లే నిలబడతారు. ముందు ఎస్‌క్యూఎల్ (డేటాబేసు నుంచి వివరాలు రాబట్టే భాష) నేర్చుకోండి. ఇప్పుడు ఏఐకి చెబితే యాప్ రాసిస్తోంది కాబట్టి లో-కోడ్ కూడా పాతబడుతుందనే వాదన ఉంది. అలా వచ్చిన యాప్‌కూ ఎవరో ఒకరు అనుమతులు సరిచూడాల్సిందే.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల నుంచి మేము కోరేది ఒకటుంది. సర్వే అనగానే ఒక ఫారం చేసి గ్రామస్థాయి సిబ్బందికి లింకు పంపడం ఆఫీసుల్లో అలవాటైపోయింది. అందులో లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా, ఆరోగ్య వివరాలు చేరుతున్నాయి. ఇలాంటి ప్రతి యాప్‌కూ బాధ్యుడైన అధికారి పేరు రికార్డులో ఉండాలి. ప్రజల డేటా ఉన్న ఏ ప్లాట్‌ఫామ్‌కైనా కాంట్రాక్టు ఇచ్చే ముందు, డేటా మొత్తాన్ని బయటికి తీసి మరో చోట తెరిచి చూపించాలని, లాగిన్ లేకుండా తెరవడానికి ప్రయత్నిస్తే తెరుచుకోదని నిరూపించాలని షరతు పెట్టాలి. ఆ పరీక్ష కంపెనీ ఇచ్చే ధ్రువపత్రంతో సరిపెట్టకుండా, టెండర్ ఖరారు కాకముందే ఐటీ శాఖ అధికారుల ఎదుట జరగాలి.