మహారాజశ్రీ చెక్క కాటేజీ గారి సముఖమునకు

అయ్యా,

హైదరాబాద్, అత్తాపూర్ నుంచి మీ మాజీ అతిథి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు, మీ బాత్రూమ్ బల్లి, మీ గుంటలోని బొచ్చె చేప క్షేమమని తలుస్తాను. మీకు 5 స్టార్లు ఇవ్వమని రోజూ పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్ వస్తోంది. స్టార్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఉత్తరం చదవండి.

మొదట మీ ఒంటి గురించి. మీరు చెక్క అన్నారు. ఫొటోలో దుంగలు పేర్చినట్టే కనిపించారు. రాత్రి కరెంటు పోతే, తోచక ఫోన్ లైటు వేసి గోడ చూస్తూ పడుకున్నాను. చెక్క మీద ఒక కన్ను, దాని చుట్టూ వలయాలు, పక్కన సన్నటి చీలిక. ఎంత అందంగా ఉందో! నాలుగడుగుల అవతల అదే కన్ను, అదే చీలిక. ఇంకో నాలుగడుగులకు మళ్లీ అదే. వేలితో తడితే సిమెంటు రేకు పలికింది. పదకొండు కళ్లు లెక్కపెట్టాక నిద్ర పట్టింది.

అసలు మీ దాకా ఎందుకొచ్చామంటే, మాది మూసీ ఒడ్డు. మా ఇంట్లో కిటికీలకు అద్దాలే తప్ప తెరిచే అలవాటు లేదు. ఆ మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుందట కదా, ఒకసారి దాని పుట్టింటి గాలి పీల్చుకుందామని మా ఆవిడ అంది. పైగా కార్తీకమాసం. మా చిన్నప్పుడు ఈ నెలలో ఉసిరిచెట్టు కింద చాప పరుచుకుని పులిహోర తింటే వనభోజనం. ఇప్పుడు దాన్నే నేచర్ ప్యాకేజీ అంటున్నారు, టాక్స్ అదనం. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్లు చూసి మా అమ్మ "ఈడనే కూసుందాం బిడ్డా, సల్లగుంది" అంది. రెండింటికి చెక్-ఇన్ అని నేను కారు ఆపలేదు. ఆ నేరం నాదే, మీ ఖాతాలో వెయ్యను.

మీ ప్యాకేజీలో మొదటి ఐటమ్ చేపల వేట. గాలం అద్దె గంటకు 300, ఎర కింద గోధుమపిండి ముద్ద ఉచితం. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె రోజు రాంనగర్ మార్కెట్లో దాని ధర అడిగి, మాట్లాడకుండా వెనక్కి తిరిగొచ్చిన వంశం మాది. ఒక్కసారైనా దాన్ని ఉత్తి పుణ్యానికి పట్టాలని నాకో కోరిక. గాలం వేసిన రెండో నిమిషంలోనే బెండు మునిగింది. లాగితే బొచ్చె. పైకి తిరిగిన దాని మూతి మీద అప్పటికే మూడు పాత కన్నాలున్నాయి. గిలగిలా కొట్టుకోలేదు. షిఫ్టు చివర్లో ఇంకో కాల్ వచ్చిన ఉద్యోగిలా నోరు తెరుచుకుని, కొక్కెం తీసే దాకా ఓపిగ్గా ఆగింది. ఫొటో దిగి వదిలెయ్యాలట, రూలు. మా అమ్మ చూసి చూసి అడిగింది: "కార్తీకంల నీసు ముట్టమాయె. తిననప్పుడు దాని మూతెందుకు చింపుడు?" మీ మనిషి జవాబు చెప్పలేదు. నేను ఇంకో గంటకు డబ్బు కట్టలేదు.

ఇక నిధి వేట. ఇది మా బావమరిది కోసం. సాఫ్ట్‌వేర్ మనిషి, దాన్ని జియోకాచింగ్ అనాలని కారులో నాలుగుసార్లు సరిదిద్దాడు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జనం వాడే జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పును తీసేసిందట. మర్నాడే ఒరెగాన్‌లో ఒకాయన బకెట్లో పుస్తకాలు, గులేరు, బీన్స్ డబ్బా పెట్టి అడవిలో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్లో పెట్టాడట. దొరికినవాళ్లు పుస్తకంలో పేరు రాసి, ఏదైనా తీసుకుంటే అంతకు తగ్గనిది పెట్టి, డబ్బాను ఉన్నచోటే దాచాలి. మా అత్తాపూర్‌లో ఫ్లైఓవర్ పిల్లర్ నంబర్ చెబితే పెళ్లివారు కూడా ఇల్లు చేరతారు. ఆకాశంలో ముప్ఫై దాకా ఉపగ్రహాలను నమ్ముకున్న డెలివరీ అబ్బాయి మాత్రం వెనక గల్లీలోనే తేలతాడు. ఆ సంగతి బావమరిదికి చెప్పి చూశాను, వినలేదు.

మీ వెనక గుట్ట మీద, చెట్ల కింద, బాణం గుర్తు ఐదారు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంటే మేం ఒక్కో బండా ఎత్తి చూస్తున్నాం. మా ఆవిడ చేతిలో సోడాలోకి తెచ్చిన నిమ్మకాయలు. దగ్గర్లో పాత గుడి. అంతే, మేకలు కాసే పెద్దాయన ఇంకో నలుగుర్ని వెంటేసుకుని వచ్చాడు.

"ఏం సార్, గుప్తనిధులా?"

"కాదు పెద్దాయనా, డబ్బా దొరికితే పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టేస్తాం."

"దొరికినంక మళ్ల అండ్లనే పెడ్తరా?" ఆయన నిమ్మకాయల వంక చూశాడు. "సర్పంచ్‌ను పిలువుర్రి."

సర్పంచ్ గారు వచ్చేలోపు దేవుడి దయ వల్ల డబ్బా దొరికింది. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా. తడిసిన పుస్తకం, పెన్సిల్ ముక్క, రెండు గోళీలు, ఒక కీచైన్. అందరి ముందూ విప్పి చూపించాం. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాలి. లెక్కేశాం, దాటలేదు. మా అబ్బాయి ఒక గోళీ తీసుకుని తన రబ్బరు పెట్టాడు. అంతటితో బయటపడేవాళ్లమే. మా అమ్మ దాన్ని హుండీ అనుకుని దణ్ణం పెట్టి రూపాయి వేసింది. పెద్దాయన అనుమానం మళ్లీ మొదటికొచ్చింది.

మీ వన్యప్రాణి దర్శనం గురించి పెద్దగా చెప్పేది లేదు. తెల్లారి ఐదున్నరకు హారన్ కొట్టుకుంటూ జీపు బయల్దేరింది. మూడు కుక్కలు, మా చిప్స్ ప్యాకెట్టు ఎత్తుకెళ్లిన కోతులు, మీ గేటు దగ్గర చెవి విరిగిన సిమెంటు జింక కనిపించాయి. కృష్ణజింకలు వనస్థలిపురంలో, నెమళ్లు కేబీఆర్ పార్కులో ఉన్నాయని అప్పుడు గుర్తుకు రావడం నా ఖర్మ.

తిరిగొచ్చేసరికి మా అబ్బాయి మీ వంటగది వెనక, చెత్తకుప్ప దగ్గర నిలబడి కరెంటు తీగ వంక చూస్తున్నాడు. తీగ మీద మట్టిరంగు పిట్ట. గడ్డిలోకి దూకింది. రెక్క విప్పగానే నీలం, ఇంకో నీలం. మిడతను పట్టుకొచ్చి తీగకేసి రెండు దెబ్బలు కొట్టి మింగింది. పాలపిట్ట! దసరా నాడు దీన్ని పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించేవాళ్లు. అరగంట నుంచి చూస్తున్నాడట. మీ బిల్లులో దానికి లైను లేదు. ఈ సంగతి మీ మేనేజర్ చెవిన వెయ్యకండి.

ఇట్లు,
పదకొండు కళ్లు లెక్కపెట్టినవాడు

తా.క.: కోతులు మా బావమరిది కుడికాలి చెప్పు కూడా ఎత్తుకెళ్లాయి. దొరికితే ఆ టిఫిన్ డబ్బా పక్కనే పెట్టించండి. అక్షాంశాలు మీ దగ్గర ఉన్నాయిగా. ఎడమది నా కారు డిక్కీలో ఉంది, ఇంకా పారెయ్యనివ్వట్లేదు.