క్రోమియం పోయి ఎక్కడికి పోతుంది?

(వ్యర్థజలాల్లోని విష లోహాలకు లోహ ఉత్ప్రేరకాలే మందంటారు ల్యాబ్ మనిషి. ప్లాంటు మనిషికి ముందు నుంచీ సున్నం మీదే నమ్మకం.)

ల్యాబ్: టైటానియం డయాక్సైడ్ పొడి కలిపి ఎండ తగలనివ్వండి. ఆరు వేలెన్సీ క్రోమియం పోతుంది.

ప్లాంటు: ఎక్కడికండీ పోయేది? అద్దకం రంగైతే విరిగి కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతుంది. క్రోమియం మూలకం. విరగడానికి అందులో ఏముంది?

(గొడవంతా ఈ ‘పోతుంది’ దగ్గరే.)

ల్యాబ్: సరే, మారుతుంది. కాంతి పడితే పొడిలో ఎలక్ట్రాన్లు లేస్తాయి. మూడు అందుకుంటే ఆరు వేలెన్సీది మూడుకు దిగుతుంది. దాని విషం చాలా తక్కువ.

ప్లాంటు: తక్కువే, కానీ నీళ్లు ఆమ్లంగా ఉన్నంతసేపూ కరిగే ఉంటుంది. పీహెచ్ 8, 9 మధ్యకు తెస్తేనే హైడ్రాక్సైడై అడుక్కి చేరుతుంది. అంటే మళ్లీ నా సున్నమే. పోనీ మీ పొడి మీదే పేరుకుందా, పొడి పని చేయడం మానేస్తుంది. పైగా మీ టైటానియం డయాక్సైడ్‌లో అనటేజ్ అనే స్ఫటిక రకానికి 387 నానోమీటర్ల లోపు కాంతే, అంటే అతినీలలోహితమే పనికొస్తుంది. ఎండలో అది ఐదు శాతమో ఎంతో!

ల్యాబ్: మరి మీరు దేనితో దింపుతారు?

ప్లాంటు: ఆమ్లం పోసి, ఫెర్రస్ సల్ఫేట్‌తో.

ల్యాబ్: ఒక్కో క్రోమియం పరమాణువుకు మూడు ఇనుప అయాన్లు. 52 గ్రాముల క్రోమియానికి 168 గ్రాముల ఇనుము. సున్నం వేశాక అదంతా మడ్డిలోకే. విషం తీస్తున్నారా, బురద వండుతున్నారా? ఉత్ప్రేరకం తాను ఖర్చవదు.

ప్లాంటు: (ఆగి) ఆ లెక్క కాదనను. మడ్డి ఎత్తించేది నేనే కదా. కానీ ఎలక్ట్రాన్లు లేచిపోయిన చోట ఖాళీలు మిగులుతాయి. వాటిని పూడ్చేదెవరు?

ల్యాబ్: నీళ్లలోని సేంద్రియ వ్యర్థాలే. ఆ పనిలో అవీ ఆక్సీకరణం చెందుతాయి.

ప్లాంటు: ఉంటే! లేకపోతే సిట్రిక్ ఆమ్లమో మరోటో మీరూ పోయాల్సిందే. అది ఖర్చు కాదూ? కాడ్మియం సంగతి చెప్పండి. నీళ్లలో దానిది రెండు వేలెన్సీ ఒక్కటే. దేన్నుంచి దేనికి మారుస్తారు?

ల్యాబ్: దాని జోలికి రాను. ఆర్సెనిక్ తీసుకోండి. మూడు వేలెన్సీ నుంచి ఐదుకు తెస్తే ఇనుప హైడ్రాక్సైడ్‌కు బాగా అంటుకుంటుంది.

ప్లాంటు: చూశారా, అక్కడా పట్టుకునేది ఇనుమే.

ల్యాబ్: అయితే నా పరిశోధన పత్రం పేరులో ‘తొలగింపు’ కొట్టేసి ‘మార్పు’ అని రాయమంటారా?

ప్లాంటు: రాయండి. రాసి, పక్క ట్యాంకు సున్నానికి వదిలేయండి.