సిఫార్సు లేఖ మీరే రాసుకోమంటున్న ఆ సందేశాన్ని నమ్మకండి

హైదరాబాద్‌లో లా చదువుతున్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: లా కాలేజీలో చేరాలంటే ప్రొఫెసర్ల సిఫార్సు లేఖలు, అంటే అందరూ ఎల్ఓఆర్ అనే కాగితాలు, ఉండి తీరాలి. జడ్జి, ఎమ్మెల్యే, కనీసం హెచ్ఓడీ సంతకం ఉంటేనే వాటికి విలువ. సార్లకు తీరిక ఉండదు కాబట్టి లేఖ మీరే రాసుకుని సంతకం పెట్టించుకోండి. లేఖ చూసే హక్కును మాత్రం వదులుకోకండి. సారుకు కాలేజీ ఈమెయిల్ లేకపోతే ఆయన పేరుతో మీరే ఒకటి తెరిచి అప్‌లోడ్ చేయండి. కాలేజీ వదిలి మూడేళ్లు దాటితే ఇక ఆశ పెట్టుకోకండి.

నేను లా కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏటా ఇలాంటి లేఖలు రాస్తాను. ఈ సందేశాన్ని ఫోనులో చూపిస్తూ, ‘మేడమ్, మాకు జడ్జీలెవరూ తెలియదు, ఇక అప్లై చేయడం దండగేనా?’ అని అడుగుతున్న పిల్లలను చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. అందులోని మాటలను వరసగా తీసుకుని జవాబు చెబుతాను.

లా సీటుకు ఎక్కడైనా లేఖ కావాలన్నది మొదటి అబద్ధం. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలోనో ఐదేళ్ల ఎల్ఎల్‌బీలోనో చేరేవారిని, పీజీఎల్‌సెట్ రాసి ఎల్ఎల్ఎంలో చేరేవారిని లేఖ అడిగేవారే లేరు. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరేవారికైనా అంతే. ర్యాంకు, కౌన్సెలింగ్, సర్టిఫికెట్లు, ఫీజు, అంతటితో సరి. లేఖలు అడిగేది ప్రధానంగా విదేశాల్లో: అమెరికాలో జేడీకి, అంటే ఏదో ఒక డిగ్రీ తర్వాత చేసే అక్కడి లా డిగ్రీకి, ఎల్ఎల్ఎంకి, బ్రిటన్‌లో ఎల్ఎల్ఎం, ఆక్స్‌ఫర్డ్‌లోని పీజీ లా కోర్సు బీసీఎల్ వంటివాటికి. ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులు కూడా కంగారు పడుతున్నారు. వారు నిశ్చింతగా ఉండవచ్చు.

రెండో మాట, పెద్దవారి సంతకం. మనకు ఇది సహజంగా వచ్చే ఆలోచనే. తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే లెటరు పట్టుకెళ్లడం చూస్తూ పెరిగాం. అక్కడ సంతకం ఎవరిదన్నదే చూస్తారు, లోపల ఏం రాశారన్నది ఎవరికీ పట్టదు. లా స్కూళ్ల అడ్మిషన్ల దగ్గర వరస పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ లోపల రాసినదే చదువుతారు. హార్వర్డ్ జేడీకి రెండు లేఖలు తప్పనిసరి, మూడోది ఇచ్చినా తీసుకుంటారు, కనీసం ఒకటి చదువు చెప్పినవారి నుంచి ఉండాలని గట్టిగా సూచిస్తారు. యేల్ కూడా పాఠం చెప్పిన ప్రొఫెసర్ల లేఖలకే మొగ్గు చూపుతుంది. మిమ్మల్ని ఒక పెళ్లిలో చూసి ఆశీర్వదించిన మాజీ మంత్రి ఆ లేఖలో ఏమి రాయగలరు? ‘వీరి కుటుంబం నాకు బాగా తెలుసు’ అని రాస్తారు. అక్కడివారికి కావలసింది మీ కుటుంబం గురించి కాదు.

లా పిల్లలకు ఇది మరొకరు చెప్పనక్కర్లేదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 60వ సెక్షన్ చదివారు కదా. చూసిన సంగతి చూసినవారే చెప్పాలి, విన్న సంగతి విన్నవారే చెప్పాలి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా ఆ సూత్రం మారలేదు. సిఫార్సు లేఖకు అదే కొలత పెట్టి చూడండి. మీ వాదన విన్నదెవరు? మీ అసైన్‌మెంటు దిద్దినదెవరు? మీరు వేసిన ప్రశ్నకు వెంటనే జవాబు దొరక్క మర్నాడు పుస్తకం చూసి వచ్చి చెప్పినదెవరు? లేఖ రాయవలసింది ఆ మనిషి. ఆయన గెస్ట్ లెక్చరరైనా ఫరవాలేదు. మన నగరంలో ఎన్నో కాలేజీల్లో పాఠాలు నడుస్తున్నదే కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల భుజాల మీద. హెచ్ఓడీ మీకు ఒక్క పాఠమూ చెప్పలేదంటే ఆయన లేఖలో పదవి తప్ప ఏమీ ఉండదు. న్యాయమూర్తి దగ్గర లా క్లర్కుగా పనిచేసి, మీరు తయారుచేసిన నోట్లు ఆయన చదివి ఉంటే అది వేరే సంగతి. ఆయన లేఖకు తప్పకుండా బలం ఉంటుంది. ఆ బలం మీ పనిని చూసినందువల్ల వచ్చినది.

ఇంకొక చిన్న దిద్దుబాటు. లేఖ లా ప్రొఫెసరే ఇవ్వాలని కూడా ఆ సందేశంలో ఉంది. జేడీకి కావలసింది ఏదో ఒక డిగ్రీ. నిజాం కాలేజీలో బీఏ చేసినవారైనా, కోఠి మహిళా విశ్వవిద్యాలయంలో బీఎస్సీ చేసినవారైనా తమకు చదువు చెప్పిన చరిత్ర మేడమ్‌నో లెక్కల సారునో నిస్సంకోచంగా అడగవచ్చు.

ఇక అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్న మాట: ‘మీరే రాసుకోండి’. నిజం చెప్పాలంటే దీనికి విద్యార్థుల కంటే మా ఉపాధ్యాయులమే ఎక్కువ బాధ్యులం. ‘నువ్వే రాసుకుని పట్టుకురా, సంతకం పెడతాను’ అనడం మా స్టాఫ్ రూముల్లో అలవాటైపోయింది. కారణాలు లేకపోలేదు. నాలుగైదు పేపర్లు చెప్పాలి, ఇంటర్నల్స్ దిద్దాలి, పరీక్షల డ్యూటీలు చేయాలి. లేఖ రాయడం ఎవరి పనిగంటల్లోనూ లెక్కకు రాదు. ఇంగ్లిషులో అందంగా రాయలేమన్న బెరుకు కూడా కొందరిలో ఉంది. అయినా ఇది తప్పే. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది విద్యార్థి.

ఎలాగంటే, తన గురించి తాను రాసుకునే ఇరవై ఏళ్ల పిల్లకు తనలో ప్రత్యేకత ఏమిటో తెలియదు. తెలిసినా రాసుకోవడానికి మొహమాటం. అందుకని అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎవరో ఇచ్చిన వర్డ్ ఫైలు తెరిచి పేరు మారుస్తుంది. ‘క్రమశిక్షణ గల విద్యార్థిని, కష్టపడే స్వభావం, నాయకత్వ లక్షణాలు, ఆమెకు ఉజ్జ్వల భవిష్యత్తు ఉంది’. ఈ నాలుగు ముక్కలు ఎవరికైనా అతుకుతాయి కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పవు. పైగా అమెరికా జేడీ దరఖాస్తుల్లో లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్ మీ మార్కులు, పరీక్ష స్కోరు, లేఖలు ఒకే కట్టగా కట్టి కాలేజీకి పంపుతుంది. మీ సొంత వ్యాసం, ఇద్దరు వేర్వేరు ప్రొఫెసర్ల పేర్లతో ఉన్న రెండు లేఖలు ఒకే టేబుల్ మీద ఒకరే చదువుతారు. మూడింటిలోనూ ఒకే చేయి కనిపిస్తే, ఆ చదివే మనిషికి మీ మార్కుల మీద కూడా అనుమానం వస్తుంది.

అసలు లేఖ ఎలా ఉంటుందో ఒక్కటి చూపిస్తాను. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా విద్యార్థీ మూట్ కోర్టుల్లో, అంటే కాలేజీలో జరిపే నమూనా విచారణల్లో, వాదించాలి, కోర్టుకు వెళ్లి విచారణలు చూసి డైరీ రాయాలి. ఒక విద్యార్థిని నాంపల్లి క్రిమినల్ కోర్టులో చెక్కు బౌన్సు కేసు ఒకటి చూసింది. ఆమె డైరీలో మిగతా వారిలా ‘గౌరవ న్యాయస్థానం హుందాగా ఉంది’ అని లేదు. వాయిదా పడిన ప్రతిసారీ ఎందుకు పడిందో ఎడమ పక్క మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకుంది: ‘సమన్లు తిరిగి వచ్చాయి, తలుపు తాళం’. కింద మళ్లీ అదే. ఆ కింద మళ్లీ అదే. తర్వాత క్లాసులో లేచి అడిగింది: ‘మేడమ్, సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు తాళం వేసి ఉందని తిరిగొస్తే అందినట్టే భావించవచ్చని చదువుకున్నాం కదా. మరి సమన్ల దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు?’ క్లాసు గంట అయిపోయినా ఆ ప్రశ్న మీద మాట్లాడుకుంటూ కూర్చున్నాం. ఆమెకు రాసిన లేఖలో ఆ మార్జిన్ గురించి, ఆ ప్రశ్న గురించి మాత్రమే రాశాను. నాయకత్వ లక్షణాల ఊసెత్తలేదు. ఆ ముక్క ఆమె తనంతట తాను రాసుకుని ఉండేది కాదు. అందులో చెప్పుకోదగ్గది ఉందని ఆమెకు తట్టనే లేదు.

ఇక్కడ ఇంగ్లిషు గొప్పగా ఉండనక్కర్లేదని సహోపాధ్యాయులకు మనవి. చిన్న చిన్న వాక్యాలు చాలు. చూసింది చూసినట్టు రాస్తే ఒక పేజీ ఇట్టే నిండుతుంది.

మరి తీరిక లేని సారుకు విద్యార్థి ఏ విధంగా సాయపడాలి? లేఖ రాసి ఇవ్వకండి, లేఖకు కావలసిన సరుకు ఇవ్వండి. ఏ సెమిస్టర్‌లో ఏ పేపరు ఆయన దగ్గర చదివారు, ఎన్ని మార్కులు వచ్చాయి, ఏ అంశం మీద మూట్ వాదించారు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు, ఏ కాలేజీలకు దరఖాస్తు చేస్తున్నారు, గడువు తేదీలు ఏమిటి, ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఆయన దిద్దిన అసైన్‌మెంటు మీ దగ్గర ఉంటే తప్పకుండా జతచేయండి. మా వంటి అనుబంధ కాలేజీల్లో సెమిస్టర్ పరీక్ష పేపర్లు బయట దిద్దుతారు, మీ జవాబులు మా కంట పడవు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో రెండేళ్ల కిందటి అసైన్‌మెంటు ఎవరికి గుర్తుంటుంది? ఆ కాగితం ఎదురుగా ఉంటే మీరు రాసినదంతా మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది. నెల, నెలన్నర ముందే అడగండి. ‘రేపటికి కావాలి మేడమ్’ అంటే మీకు దక్కేది వర్డ్ ఫైలే.

అడిగే తీరు కూడా ముఖ్యం. ‘లెటర్ ఇస్తారా సార్?’ అంటే మొహమాటానికి సరే అంటారు. ‘నా పని గురించి మీరు నమ్మకంగా రాయగలరా సార్?’ అని అడగండి. ఆయన తటపటాయిస్తే నొచ్చుకోకండి, నమస్కారం పెట్టి మరొకరి దగ్గరికి వెళ్లండి. అన్యమనస్కంగా రాసిన లేఖ కంటే ముఖం మీద చెప్పిన ‘కాదు’ మీకు ఎంతో మేలు.

లేఖ చూసే హక్కు వదులుకోవద్దన్న సలహా వినడానికి లాయరు మాటలా ఉంటుంది, అందుకే పిల్లలు సులువుగా నమ్ముతున్నారు. ఆ హక్కు అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ఇచ్చినది. ఒక కాలేజీలో చేరిన విద్యార్థి అక్కడ తన ఫైలులో ఏముందో చూసుకోవచ్చు. అంటే ఆ హక్కు మీరు చేరిన కాలేజీ దగ్గర, చేరిన తర్వాతే పనికొస్తుంది. సీటు రాని చోట మీకు ఏమీ చూపరు. దాన్ని వదులుకోమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయకూడదని కూడా ఆ చట్టమే చెబుతోంది. వదులుకుంటే ఏమవుతుందంటే, రాసేవారు ధైర్యంగా రాస్తారు, చదివేవారు నమ్మి చదువుతారు. మీరు వదులుకోలేదంటే, విద్యార్థి చూస్తాడని తెలిసి మొహమాటపడి రాశారేమోనన్న అనుమానం చదివేవారికి కలుగుతుంది. సీటు వచ్చాక ఒకసారి చదువుకుని సంతోషించడం కోసం ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవాలా? లేఖ రాసే మనిషి మీద మీకు నమ్మకం లేకపోతే ఆ మనిషిని అడగకండి. మీరు నిజంగా ఆలోచించవలసింది అక్కడే.

ఈమెయిల్ తెరవమన్న సలహా చదివినప్పుడు నాకు కోపం ఆగలేదు. లాయరు కాబోయే మనిషికి ఇచ్చే సలహానా ఇది? మరొకరి పేరుతో ఖాతా తెరిచి, ఆయన రాసినట్టు లేఖ పంపడం ఫోర్జరీ. కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. అమెరికా వైపు చూసినా ముప్పే. దరఖాస్తుల్లో జరిగే అక్రమాలను విచారించే ఏర్పాటు లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్‌కు ఉంది. తప్పు తేలితే ఆ నివేదిక కాలేజీలకు వెళుతుంది. ఎల్ఎల్ఎం చేసి న్యూయార్క్ బార్ పరీక్ష రాయాలన్నది మన పిల్లల్లో చాలామంది కోరిక. అక్కడ పరీక్ష నెగ్గాక నడవడికను కూడా తరచి చూస్తారు. ఇరవై రెండేళ్ల వయసులో తెరిచిన ఒక జీమెయిల్ ఖాతా అప్పుడు బయటపడితే ఏం సమాధానం చెబుతారు?

సారుకు కాలేజీ ఈమెయిల్ లేకపోవడం మన దగ్గర నిజమైన ఇబ్బందే, కాదనను. బ్రిటన్‌లోని కొన్ని విశ్వవిద్యాలయాలు సంస్థ ఈమెయిల్ అడుగుతాయి కూడా. దానికి నిజాయితీ గల దారులు ఉన్నాయి. ప్రిన్సిపాల్ ఆఫీసు ఈమెయిల్ నుంచి పంపించవచ్చు. కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి, హోదా, ఫోను నంబరు స్పష్టంగా ఇవ్వవచ్చు. అప్పటికీ సందేహం ఉంటే ఆ విశ్వవిద్యాలయం అడ్మిషన్ల కార్యాలయానికి మీరే పరిస్థితి వివరించి రాయండి, ఏం చేయాలో చెబుతారు.

చివరిది, కాలేజీ వదిలి మూడేళ్లు దాటినవారి సంగతి. హైకోర్టులో జూనియర్‌గా చేస్తున్నవారు, గచ్చిబౌలి కంపెనీల లీగల్ విభాగాల్లో పనిచేస్తున్నవారు ఎందరో ఈ మాట చదివి వెనకడుగు వేస్తున్నారు. పని అనుభవం ఉన్నవారి నుంచి ఆఫీసు పైఅధికారి లేఖను అమెరికా లా స్కూళ్లు తీసుకుంటాయి. మీ డ్రాఫ్టులు దిద్దిన సీనియర్ అందుకు ఎంతో తగిన మనిషి. ప్రొఫెసర్ లేఖ తప్పనిసరి అన్నచోట పాత కాలేజీకి వెళ్లండి. సారు రిటైరై ఉంటే ఇంటి చిరునామా ఆఫీసులో అడగండి, ఫోను చేసి వెళ్లండి, పాత మార్కుల మెమోలు, ఆ తర్వాత మీరు చేసిన పని వెంట తీసుకెళ్లండి. ఇంకా చదువుతున్నవారికి ఒక సూచన. ఆఖరి సెమిస్టర్ ముగిసేలోపే అడిగి రాయించి పెట్టుకుంటే మంచిది. లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్ దగ్గర ఖాతా తెరిస్తే అది ఐదేళ్లు చెల్లుతుంది, అందులో చేరిన లేఖ అప్పటిదాకా అక్కడే ఉంటుంది. ఏ కాలేజీకి ఏ లేఖ వెళ్లాలో మాత్రం మీరే ఖాతాలో విడివిడిగా కేటాయించాలి. ఈ పని మరచిపోయి, లేఖ చేరిందనుకుని నిశ్చింతగా కూర్చునేవారు ఉంటారు. గడువుకు రెండు మూడు వారాల ముందే ఖాతా తెరిచి చూసుకోండి.