గెర్రీ గారికి జరిగిన అన్యాయం

అమెరికా తొలితరం నాయకుల్లో ఎల్‌బ్రిడ్జ్ గెర్రీకి జరిగినంత అన్యాయం ఇంకెవరికీ జరగలేదు. మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్‌లో ఎండుచేపల వ్యాపారి ఇంట పుట్టి, హార్వర్డ్‌లో చదివి, 1776 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన పెద్దమనిషి. బ్రిటిష్‌వాళ్లకు దొరికితే మెడకు ఉరి బిగించే సంతకం అది. అంతటివాడి పేరు ఈ రోజు జనం నోట్లో నానుతోంది నిజమే, కానీ తిట్టుగా!

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాయడానికి కూర్చున్నప్పుడు, మన కష్టాలన్నిటికీ ప్రజాస్వామ్యం మితిమీరడమే కారణమని ఆయన సెలవిచ్చారు. ఎండాకాలమంతా వాదించి, తీరా సంతకాల వేళకు కలం ముట్టనన్నారు. చివరిదాకా ఉండి అలా మొండికేసినవాళ్లు ముగ్గురే: మేసన్, రాండాల్ఫ్, ఈయన. అందులో పౌరహక్కుల జాబితా లేదట! ప్రజాస్వామ్యం ఎక్కువైందన్న నోటితోనే హక్కులు తక్కువయ్యాయనీ అన్నారు. ఇందులో తిరకాసు వెతికేవాళ్లకు రాజకీయం తెలియదని అర్థం.

1810లో మసాచుసెట్స్ గవర్నరయ్యారు. 1812లో ఆయన పార్టీ, అంటే డెమొక్రటిక్ రిపబ్లికన్లు, తమకే ఎక్కువ సీట్లు వచ్చేలా రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల హద్దులు మార్చేస్తూ బిల్లు తెచ్చారు. మామగారికి అది బొత్తిగా ఇష్టం లేదని తర్వాత అల్లుడు రాశాడు. అల్లుడి సాక్ష్యాన్ని మించింది ఏముంటుంది? రాజ్యాంగానికి కదలని చెయ్యి ఈ కాగితం మీద మాత్రం కదిలింది.

ఎసెక్స్ కౌంటీలో ఒక నియోజకవర్గం సముద్రం ఒడ్డున మొదలై, లోపలి ఊళ్ల మీదుగా వంపు తిరిగి, ఉత్తరాన మళ్లీ సముద్రం ఒడ్డునే తేలింది. ఆయన సొంతూరు మార్బుల్‌హెడ్ కూడా అందులోదే. మార్చి 26న బోస్టన్ గెజిట్ పత్రిక ఆ మ్యాపుకు రెక్కలు, గోళ్లు, కోరలు తగిలించి అచ్చేసింది. సాలమాండర్ అనే బల్లిలాంటి జీవికి గవర్నరు పేరు అతికించి 'గెర్రీమాండర్' అంది. సొంత పార్టీ గెలిచేలా హద్దులు గీస్తే ఇప్పటికీ జనం తిట్టే తిట్టు అదే. గీతలు గీసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

ఆ ఏప్రిల్‌లో గెర్రీ ఓడిపోయారు. గవర్నరుకు రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం, గీతలు గీసే వీల్లేదు పాపం. రాష్ట్ర సెనేట్‌లో మాత్రం ప్రత్యర్థి పార్టీ ఫెడరలిస్టులకు ఓట్లు ఎక్కువొచ్చినా సీట్లు 11, గెర్రీ పార్టీకి 29. తాను మునిగి పార్టీని తేల్చిన త్యాగమూర్తిని పార్టీ మరిచిపోతుందా? 1813కల్లా దేశాధ్యక్షుడు మాడిసన్ పక్కన ఉపాధ్యక్షుణ్ని చేసి కూర్చోబెట్టింది.

1814 నవంబరులో ఉపాధ్యక్షుడి హోదాలో దేశ సెనేట్‌కు అధ్యక్షత వహించడానికి బయల్దేరి దారిలోనే పోయారు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన 56 మందిలో రాజధాని వాషింగ్టన్‌లో సమాధి ఉన్నది ఆయనొక్కరికే. ఆ ఊరివాళ్లకు ఇప్పటికీ అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో ఓటు వేసే సీటు ఒక్కటీ లేదు కాబట్టి, దాని కోసం గీతలు గీసే టెన్షన్ ఎవరికీ లేదు.