1922 జర్మనీ ఫైనల్: తిరుగుతున్న సందేశానికి ఒక జవాబు

గత పది రోజుల్లో ఒకే సందేశం నాకు ఐదుగురు మిత్రుల నుంచి వచ్చింది. 1922లో హామ్‌బర్గ్, నూరెంబర్గ్ జట్ల మధ్య జరిగిన జర్మనీ జాతీయ ఫుట్‌బాల్ ఫైనల్ ప్రపంచంలోకెల్లా సుదీర్ఘమైన మ్యాచ్ అనీ, రిఫరీ ఎర్రకార్డులు చూపి నూరెంబర్గ్‌ను దెబ్బతీశాడనీ, అలా దక్కిన కప్పు తమకు వద్దంటూ హామ్‌బర్గ్ ఆటగాళ్లు మైదానంలోనే దానిని వదులుకున్నారనీ, అందుకే ఆ ఏడాదికి విజేతే లేడనీ, ద్వేషమంటే తెలియని ఆ తరం నుంచి మన పిల్లలు నేర్చుకోవాలనీ దాని సారాంశం. పంపినవారిలో ఇద్దరు ఉపాధ్యాయులు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

అది ఒక మ్యాచ్ కాదు, రెండు. జూన్ 18న బెర్లిన్‌లో 189 నిమిషాలు ఆడినా 2-2 వద్దే నిలిచి, చీకటి పడడంతో ఆగిపోయింది. ఆగస్టు 6న లైప్జిగ్‌లో మళ్లీ ఆడారు. సందేశం రాసినవారు ఈ రెండింటినీ కలిపి ఒకటి చేశారు. ఇక రికార్డు సంగతి: 1946లో ఇంగ్లండ్‌లో స్టాక్‌పోర్ట్, డాంకాస్టర్ జట్లు 203 నిమిషాలు ఆడాయి. ఎర్రకార్డు 1970 ప్రపంచకప్‌తో వచ్చింది, 1922లో దానిని ఎవరూ ఎరుగరు. వీటి మీద ఇంతకంటే మాటలు అనవసరం.

రిఫరీ పెకో బావెన్స్ పక్షపాతం చూపాడన్న ఆరోపణకు సందేశంలో ఒక్క ఆధారమూ లేదు. లైప్జిగ్‌లో నూరెంబర్గ్ ఆటగాళ్లు ఇద్దరిని, మొదట బోస్‌ను, అదనపు సమయంలో ట్రేగ్‌ను, ఆయన బయటకు పంపిన మాట నిజమే. అయితే కూగ్లర్ గాయపడి తప్పుకున్నాడు, పోప్ అలసటతో కుప్పకూలాడు, ఈ రెండింటిలో రిఫరీ చేసినదేమీ లేదు. బదులు ఆటగాణ్ణి దింపే వీలు ఆ రోజుల్లో లేదు. ఏడుగురే మిగిలిన జట్టుతో ఆట సాగదని, 1-1 వద్ద, అదనపు సమయం రెండో భాగాన్ని ఆయన మొదలుపెట్టలేదు.

కప్పును మైదానంలోనే వదులుకున్నారన్నది పూర్తిగా కల్పితం. ఆ సాయంత్రం ఎవరూ ఏదీ వదులుకోలేదు. నూరెంబర్గ్ అభ్యంతరాలతో వివాదం నెలల తరబడి నడిచింది. నవంబరులో యేనాలో జరిగిన జర్మన్ ఫుట్‌బాల్ సంఘం మహాసభ హామ్‌బర్గ్‌ను విజేతగా ప్రకటించిన తరువాతే ఆ క్లబ్బు బిరుదును వద్దన్నది. అది సమావేశ మందిరంలో, ప్రతినిధుల మధ్య తీసుకున్న నిర్ణయం. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పేరా మొదలుపెట్టినప్పుడు ఆ త్యాగాన్ని పూర్తిగా కొట్టిపారేయాలనుకున్నాను, కానీ చేతికి వచ్చిన జాతీయ బిరుదును కాదనడం ఎన్ని నెలల తరువాత చేసినా చిన్న విషయం కాదు. 1922 సంవత్సరానికి విజేత లేడన్న మాటలో సందేశం చెప్పినది నిజం.

నాకు నిజంగా కోపం తెప్పించింది చివరి వాక్యం. ద్వేషమంటే తెలియని తరమా? ఆ హామ్‌బర్గ్ జట్టు పట్టికను ఒక్కసారైనా చూశారా? గోల్స్ వేయడంలో దేశమంతా పేరుపొందిన ఓట్టో హార్డర్ అందులో ఉన్నాడు, అందరూ టుల్ అని పిలిచేవారు. మధ్య వరుసలో ఆస్బ్యోర్న్ హాల్వోర్సెన్ అనే నార్వే దేశస్థుడు ఉన్నాడు. ఇద్దరూ కలిసి బెర్లిన్‌లోనూ లైప్జిగ్‌లోనూ ఆడారు, మరుసటి ఏడాది కలిసే జాతీయ బిరుదు గెలిచారు. హార్డర్ 1932లో నాజీ పార్టీలో, 1933లో ఆ పార్టీ సాయుధ విభాగమైన ఎస్‌ఎస్ దళంలో చేరాడు. యుద్ధకాలంలో నోయెన్‌గామె నిర్బంధ శిబిరంలో కాపలాదారుగా పనిచేసి, చివరికి దాని ఉపశిబిరమైన ఆలెంకు అధిపతి అయ్యాడు. పోలండ్ నగరం లోడ్జ్ నుంచి తెచ్చిన యూదులను అక్కడ సొరంగాలలో చచ్చేదాకా పనిచేయించారు.

హాల్వోర్సెన్ నార్వేకు తిరిగి వెళ్లి, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో హిట్లర్ చూస్తుండగా జర్మనీని 2-0తో ఓడించిన నార్వే జట్టును తీర్చిదిద్దాడు. జర్మన్లు నార్వేను ఆక్రమించాక 1942లో ఆయనను అరెస్టు చేశారు. శిబిరం నుంచి శిబిరానికి మార్చుతూ చివరికి తీసుకువెళ్లింది నోయెన్‌గామెకే, తన పాత సహచరుడు ఒకప్పుడు కాపలా కాసిన చోటికే. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు గాని ఆరోగ్యం మళ్లీ కుదుటపడలేదు, 1955లో మరణించాడు. 1947లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం హార్డర్‌కు 15 ఏళ్ల శిక్ష వేసింది, 1951లోనే విడుదలయ్యాడు.

ఒకే చొక్కా వేసుకొని, ఒకరికొకరు బంతి అందించుకున్న ఇద్దరి కథ ఇది. వారిలో ఒకడు ఎస్‌ఎస్ దుస్తులు వేసుకున్నాడని తెలియకుండా "ఆ తరం నుంచి నేర్చుకోండి" అని పిల్లలకు చెప్పడం హాల్వోర్సెన్‌కు చేసే అన్యాయం. ఈ సందేశాన్ని ఇంకా పంచుకోవాలనుకునేవారు ఆ చివరి వాక్యాన్ని తీసివేసి, దాని చోట ఈ ఇద్దరి పేర్లూ రాయండి.