సవరణ: ఆమ్‌స్టర్‌డామ్ జెండాలో ఆ మూడు క్రాసులు

మొన్న బుడమేరు వరద గురించి రాస్తూ ఆమ్‌స్టర్‌డామ్ సిటీ జెండా మీదున్న మూడు క్రాసులంటే నిప్పు, వరద, ప్లేగు అని, వాళ్లు పడ్డ కష్టాల్ని జెండా మీదే పెట్టుకున్నారు, మన బెజవాడకి కూడా అలాంటిది ఉండాలని రాశాను కదా, అది తప్పండి, క్షమించండి. అది జనం చెప్పుకునే కథే. అవి సెయింట్ ఆండ్రూ క్రాసులు, ఆండ్రూ అంటే యేసు శిష్యుల్లో ఒకాయన, ఆయన్ని ఎక్స్ ఆకారంలో ఉన్న శిలువ మీదే చంపారని క్రైస్తవుల నమ్మకం, స్కాట్లాండ్ జెండా మీదున్నదీ అదే. ఆమ్‌స్టర్‌డామ్‌కి అవి పెర్సైన్ అనే పాత జమీందారీ కుటుంబం చిహ్నం నుంచి వచ్చాయని ఎక్కువమంది చెప్పే మాట. పక్కనున్న ఔడర్ ఆమ్‌స్టెల్ అనే ఊరి చిహ్నంలో కూడా ఇలాంటి క్రాసులే ఉన్నాయి, మరి మూడు కష్టాలకి మూడు గుర్తులన్న లెక్క ఎలా కుదురుతుంది చెప్పండి.

కష్టకాలం నుంచి నిజంగా వచ్చింది మాత్రం చిహ్నం కింద ఉండే మూడు మాటలు, ధైర్యం, పట్టుదల, దయ. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరి జనం నిలబడినందుకు 1947లో నెదర్లాండ్స్ రాణి విల్హెల్మినా ఇచ్చింది. 2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్‌లో నీళ్లలో ఉన్నవాళ్లకి అన్నం ప్యాకెట్లు మోసినవాళ్లని తల్చుకుంటే నాకు క్రాసుల కన్నా ఈ మాటలే దగ్గరగా అనిపిస్తున్నాయి. పాత పోస్టులో ఆ లైన్లు తీసేశాను, షేర్ చేసినవాళ్లు కూడా మార్చండి ప్లీజ్.