ఏకగ్రీవముగా ఆమోదించిరి

బడి బీరువాలో, గుడ్ల రిజిస్టరు కింద పవళించియున్న మహారాజశ్రీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానాల పుస్తకం గారికి,

నమస్కారాలు. చేతిరాత గుండ్రంగా ఉంటుందన్న నేరానికి ఆరేళ్లుగా తమర్ని నింపుతున్న పంతుల్ని. మొన్న తనిఖీ అనగానే మూడు నెలల సమావేశాలు ఒక్క మధ్యాహ్నంలో జరిపించేశాను. మూడోదానికి పెన్ను మార్చాను. అన్నీ ఒకే ఇంకుతో ఉంటే అనుమానం వస్తుందని మా హెచ్‌ఎం గారి దూరదృష్టి.

తమరిలో జనం ఎంత చక్కటి గ్రాంథికం మాట్లాడతారండీ! "అజెండా అంశములు చదివి వినిపించగా, కూలంకషముగా చర్చించి, సభ్యులందరూ ఏకగ్రీవముగా ఆమోదించిరి." ఆ పూట గౌరవ చైర్‌పర్సన్ గారు మిరపకోతలో ఉన్నారు. కూలంకషంగా చర్చించుకున్నది నేనూ, బీరువా.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చూడండి. కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులే ఉండాలట, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లట. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేదీ, గ్రాంటు దేనికి ఖర్చయిందో చూసేదీ ఈ కమిటీయేనట. మేం మాత్రం ఐదో తరగతి పిల్లల చేతికి తమర్నీ ఇంకు ప్యాడునీ ఇచ్చి ఇంటింటికీ పంపుతాం. గిన్నెలు తోముతున్న తల్లి తడి బొటనవేలు కొంగుకి తుడుచుకుని ఒత్తుతుంది. సున్నాలూ, చాక్‌పీసులూ, గోడ మరమ్మతూ అన్నీ పాసు!

ఒక్కావిడ మాత్రం తిన్నగా బడికే వచ్చేసింది. "సదవండి సారూ, నేను దేనికి ఒప్పుకున్నానో ఇందాం" అంది. హెచ్‌ఎం గారు నెత్తిమీదున్న కళ్లజోడు కోసం బల్లంతా వెతికారు. "పోయినేడు ఆడపిల్లల బాత్రూముకి గడియ పెట్టించామని ఏలిముద్ర ఏయించుకున్నారుగా? మరి నా కూతురు లోపల్నుంచి తలుపు చేత్తో పట్టుకుని కూర్చుంటందేం?"

నేను రాసుకున్నాను: "మరుగుదొడ్ల నిర్వహణపై సభ్యులు సంతృప్తి వ్యక్తపరిచిరి."

ఆవిడ వేలిముద్ర వెయ్యలేదు. తనిఖీకొచ్చిన అధికారి తమరి పేజీలన్నీ తిప్పి, సరిగ్గా ఆ ఖాళీ గడి దగ్గర ఆగారు. ఎర్ర ఇంకుతో రాశారు: "సభ్యురాలి వేలిముద్ర లేదు. వెంటనే సరిచేయించవలెను." గడియ సంగతి ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

కాబట్టి ఇవాళ సాయంత్రం తమరు బయల్దేరాలి. మోసుకెళ్లేది ఆవిడ కూతురే. ఐదో తరగతి. తెలుగు గడగడా చదువుతుంది, ఆ తప్పు నాదే. రాత్రి అన్నాలయ్యాక వాళ్లమ్మకి తమర్ని మొదటి పేజీ నుంచీ చదివి వినిపిస్తానంటోంది.

ఇట్లు,
తమరి గుండ్రటి చేతిరాత